పొరుగువాని నిద్ర, పిల్లల ఆట

లోకమున అందరును మంచివని ఒప్పుకొను కార్యములు అనేకము కలవు. ఊరికి బడి కావలెను, వైద్యశాల కావలెను, పిల్లలు ఆడుకొనుటకు ఒక బయలు కావలెను అని చెప్పినపుడు కాదనువాడు కానరాడు. కాని ఈ ఏకాభిప్రాయము ఆ కార్యమునకు స్థలము నిర్ణయమగునంత వరకే నిలుచును. “ఫలానా వీధిలో, ఫలానా ఇండ్ల వెనుక” అని పటముపై గీత పడిన మరునాడే ఆ వీధివారి ముఖములు మారును. “ఊరికి మంచిదే గాని మా వీధికి వద్దు” అను మాట పుట్టును. ఈ మాటను స్వార్థమని కొట్టివేయుట సులభము; న్యాయమని తలకెత్తుకొనుటయు సులభమే. అందులో న్యాయమెంత, స్వార్థమెంత అని విడదీసి చూచుట మాత్రము కష్టము. ధర్మవిచారణ మొదలగునది అక్కడనే.

ఈ విచారణకు నేటి నగరములలో ఒక చక్కని ఉదాహరణము దొరకుచున్నది. అది ఇండ్ల నడుమ స్కేటు పార్కును నిర్మించు విషయము. స్కేటుబోర్డు అనునది మూరెడుకు మించిన పొడవుగల ఒక పలక. అడుగున నాలుగు చిన్న చక్రములుండును. బాలురును బాలికలును దానిపై నిలిచి, ఒక కాలితో నేలను తన్ని, జారుచు, మలుపులు తిరుగుచు, ఎగురుచు ఆడుదురు. అట్టివారి కొరకు నున్నని కాంక్రీటుతో వాలు గోడలను, గిన్నెవంటి గుంటలను, మెట్లను, ఇనుప కమ్మీలను అమర్చిన బహిరంగ స్థలమే స్కేటు పార్కు. దానికి ప్రవేశ రుసుము ఉండనక్కరలేదు, జట్లు కూడనక్కరలేదు, ఒంటరి పిల్లవాడును వచ్చి ఆడుకొనవచ్చును. ఇందువలననే పలు దేశములలో పురపాలక సంఘములు దీనిని నిర్మింపబూనుచున్నవి. ఇందువలననే పలు వీధులలో వివాదములును రేగుచున్నవి.

ఆట యొక్క యోగ్యత

ముందుగా ఈ ఆట ఎట్టిదో తెలిసికొనుట మేలు. 1950 ప్రాంతములలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున, సముద్రపు అలలపై పలకలతో ఆడుకొనువారు అలలు లేని దినములలో వీధులలో ఆడుకొనుటకై దీనిని కల్పించుకొనిరి. తొలినాళ్ళలో దీనికి లోహపు చక్రములును, మట్టితో కాల్చి చేసిన చక్రములును ఉండెడివి. అవి మిక్కిలి రొద చేయుచు, చిన్న రాయి తగిలినను ఆగిపోయి పిల్లలను పడద్రోయుచుండెను. 1970 దశకపు తొలి సంవత్సరములలో పాలీయూరితేన్ చక్రములు వచ్చుటతో ఆట మెత్తబడెను, వ్యాపించెను. టోక్యో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినపుడు దీనికి మొదటిసారిగా స్థానము లభించెను. నాడు మహిళల వీధి విభాగమున స్వర్ణపతకము గెలిచిన జపాను బాలిక మోమిజీ నిషియాకు పదమూడేండ్లు మాత్రమే.

ఇది సంపన్న దేశముల వేడుక మాత్రమే అనుకొనుట పొరపాటు. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అను చిన్న గ్రామము కలదు. అచట ఆదివాసీ కుటుంబములును, యాదవ కుటుంబములును వసించుచున్నవి. ఉల్రికే రైన్‌హార్డ్ అను జర్మను వనిత పూనికతో 2015లో అచట ఒక స్కేటు పార్కు వెలసెను. అచటి నియమములు రెండు ప్రసిద్ధములు: బడికి పోనివారికి ఆట లేదు, బాలికలకు మొదటి వంతు. ఆ పల్లెలో పెరిగిన ఆశా గోండ్ అను ఆదివాసీ బాలిక 2018లో చైనాలోని నాన్‌జింగ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో భారతదేశము పక్షమున పాల్గొనెను. పలక మీద కాలు మోపిన పిల్లకు సామర్థ్యము తప్ప వేరొక యోగ్యత అక్కరలేదని ఈ వృత్తాంతము చాటుచున్నది.

పడుట, లేచుట, మరల యత్నించుట ఈ ఆటకు ప్రాణము. ఒక చిన్న మలుపు అలవడుటకు పిల్లవాడు నూరు మారులు పడును. పడినవానిని చూచి తక్కినవారు నవ్వరు. వారును నిన్ననే పడియుండిరి గదా. పెద్దవారు ఉపన్యాసములతో నేర్పజాలని సహనము ఇచట మోకాలి గాయముల వలన అలవడుచున్నది. కాని ఆట మంచిదైనంత మాత్రమున అది ఏ గోడ ప్రక్కన జరిగినను మంచిదే అనుట తగదు. మంచి వస్తువు తగని చోట నుంచబడినపుడు కీడు చేయుట కలదు. కావున పొరుగువాని మాటను వినవలెను.

పొరుగువాని పక్షము

పొరుగువాని మొదటి ఆక్షేపణ చప్పుడును గూర్చినది. దీనిని తేలికగా చూచువారు ఆ చప్పుడు ఎట్టిదో ఎరుగనివారు. చక్రములు దొర్లునపుడు కలుగు రొద ఎడతెగనిది. దానికి చెవి కొంత అలవాటుపడును. కాని పలక గాలిలోనికి లేచి, మరల నేలపై పడునపుడు కలుగు “టక్కు”మను దెబ్బ వేరు. అది ఎప్పుడు వచ్చునో తెలియదు. ఒకటి వచ్చిన పిమ్మట రెండవదాని కొరకు మనస్సు తనకు తెలియకయే ఎదురుచూచును. ఎడతెగక కురియు వాన జోరులో నిద్రించువాడు సైతము ఆగి ఆగి కారు చూరునీటి చుక్కకు మేలుకొనును. ధ్వనిని కొలుచు యంత్రము సగటును చూపును. సగటులో ఆ దెబ్బలు కలిసిపోయి చిన్నవిగా కానవచ్చును. యంత్రము చెప్పినది అసత్యము కాదు. అయినను నిద్ర చెడినవాని అనుభవమును అది పూర్తిగా చెప్పజాలదు.

భారతదేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి ధ్వని 55 డెసిబెల్సును, రాత్రి ధ్వని 45 డెసిబెల్సును మించరాదు. పగలు అనగా ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు. ఈ హద్దులు అవసరమే. కాని రాత్రియంతయు వైద్యశాలలో రోగులకు సేవ చేసి ఉదయమున ఇల్లు చేరిన స్త్రీకి పగలే రాత్రి. చిరకాలముగా మంచము పట్టిన వృద్ధునికి కిటికీ బయటి లోకమే లోకము. నెలల పసికందును ఎట్టకేలకు నిద్రపుచ్చిన తల్లికి ఒక్క దెబ్బయే అధికము. నియమము అందరకును ఒక్కటే. ఓర్పు మాత్రము ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత.

“నీ ఒక్కనికై ఊరి పిల్లలందరు ఆట మానవలెనా?” అని అట్టివారిని అడుగుట కలదు. ఈ ప్రశ్నలో బలము కలదు గాని న్యాయము చాలదు. నూరుగురి ఆనందమును ఒక ప్రక్క, ఒక్కని నిద్రను ఒక ప్రక్క పెట్టి తూచినచో, ఆ ఒక్కడు ప్రతి తూకమునందును ఓడిపోవును. లోకములోని అన్యాయములు పెక్కు ఇట్టి తూకముల వలననే జరిగినవి.

పైగా తమ వీధిని కాపాడుకొనువారందరు స్వార్థపరులే అని తలచుట చరిత్రకు విరుద్ధము. బెంగుళూరులోని రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో ఉద్యానమునకై విడిచిన ఒక స్థలమును ప్రైవేటు వైద్యశాల నిర్మాణమునకు కేటాయింపగా, ఆ వాడవారు న్యాయస్థానమున కెక్కిరి. వైద్యశాల మంచిది కాదా అని వారిని ఎవ్వరైనను అడిగియుండవచ్చును. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పి, ఉద్యానమునకై విడిచిన బయలు ఉద్యానముగనే ఉండవలెననియు, పౌరులకు దానిని కాపాడుకొను హక్కు కలదనియు స్థిరపరచెను. నాడు ఆ ఇరుగుపొరుగువారు పట్టుపట్టకున్నచో, నేడు దేశములోని పలు నగరములలో పిల్లలకు మిగిలిన బయళ్ళలో కొన్ని మిగిలియుండెడివి కావు. కావున పొరుగువాని “వద్దు”ను వినకమునుపే నిందించుట తగదు.

ఆక్షేపణలోని మూడు పాయలు

అయినను ఆ “వద్దు” అను మాట ఒకే దారముతో నేసినది కాదు. దానిలో మూడు పాయలు కలవు. మొదటిది హానిని గూర్చినది: చప్పుడు, రాత్రి దీపముల కాంతి, వాహనముల రద్దీ, చెత్త. రెండవది శంకను గూర్చినది: ఎవరెవరో వత్తురు, అల్లరి చేయుదురు, చెడు అలవాట్లు నేర్పుదురు అను భయము. మూడవది ధనమును గూర్చినది: ఇంటి వెల తగ్గునేమో అను దిగులు. సభలో లేచి మాటలాడువాడు ఈ మూడింటిని కలగలిపి చెప్పును. మూడవదానిని చెప్పుటకు సిగ్గుపడి రెండవదానిని చెప్పును. రెండవది చాలనప్పుడు మొదటిదానిని పెంచి చెప్పును. తన మనస్సులో ఏది ఎంత కలదో ఏకాంతమున తనకు తాను చెప్పుకొనుట ప్రతి గృహస్థునకును మేలు చేయు పని.

హాని నిజమైనచో దానికి ఉపాయము వెదకవచ్చును. శంకకు ఉపాయము వేరు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున బర్న్‌సైడ్ అను వంతెన క్రింద 1990లో కొందరు యువకులు ఎవరి అనుమతియు లేకయే తమ చేతులతో కాంక్రీటు పోసి ఒక స్కేటు పార్కును కట్టిరి. అంతకుముందు అది పాడుపడిన చోటు; మత్తుపదార్థముల వారికి ఆలవాలము. యువకులు అచట నిత్యమును సంచరించుట వలన ఆ చోటు బాగుపడుటను చూచి చుట్టుపట్ల వ్యాపారులు వారికి బాసటగా నిలిచిరి. నగరపాలకులు తరువాత దానిని ఆమోదించిరి. అనుమతి లేక కట్టుట సరియైన త్రోవ అని ఈ కథ చెప్పదు. చినిగిన బట్టలతో, చేత పలకతో తిరుగు యువకుని చూచి కీడు శంకించిన కన్ను పొరబడవచ్చునని మాత్రము చెప్పుచున్నది.

శంకను పరీక్షించుటకు ఒక చిన్న ఉపాయము కలదు. అదే వీధిలో పెండ్లి జరిగినపుడు మేళతాళములు అర్ధరాత్రి దాటినను మ్రోగును. ఉత్సవ దినములలో లౌడుస్పీకరు తెల్లవారుజామునుండియే పలుకును. సొంత మనుమడు ఇంటి వసారాలో బంతిని గోడకు కొట్టుచు మధ్యాహ్నమంతయు ఆడును. ఇవి అన్నియు సహింపబడుచు, పరాయి పిల్లల పలక చప్పుడు మాత్రము సహింపరానిదైనచో, అడ్డము చెప్పుచున్నది చెవి కాదు, మనస్సు. కాకి పిల్ల కాకికి ముద్దు. తన పిల్ల అరపు కాకికి అరపుగా వినబడదు. పరిచయము లేని పిల్లవాని నవ్వు రొదగాను, పేరు తెలిసిన పిల్లవాని రొద నవ్వుగాను వినబడుట మానవ స్వభావము. దీనిని ఎరిగినవాడు తన ఆక్షేపణలో ఎంత భాగము ధ్వనికి, ఎంత భాగము అపరిచయమునకు చెందునో కొంతవరకైనను కనుగొనగలడు.

పిల్లల పక్షము

ఇక పిల్లల వైపునుండి చూడవలెను. వారు సభకు రారు. వచ్చినను వారికి ఓటు లేదు. వారి పక్షమున ఒక లెక్క చెప్పవలసియున్నది. ఒక వీధివారు “ఇచట వద్దు, వేరొక చోట కట్టుడు” అందురు. వారి కారణము సరియైనదే. రెండవ వీధివారును అట్లే అందురు. వారి కారణమును సరియైనదే. ఇట్లు ఊరిలోని ప్రతి వీధియు సహేతుకముగా కాదనగా, చివరకు ఆటస్థలము ఊరి పొలిమేరలకు, రహదారి అంచునకు, ఎవ్వరును చూడని చోటికి తరలును. ఒక్కొక్క నిరాకరణము న్యాయమే. అన్నింటి మొత్తము మాత్రము అన్యాయము. ఆ మొత్తమునకు బాధ్యుడెవడని అడిగినచో ఎవ్వడును లేచి నిలువడు.

పూర్వము తెలుగు పల్లెలలో ఆటస్థలమని ప్రత్యేకముగా కట్టిన చోటు లేకుండెను. ఉండవలసిన అక్కరయు లేకుండెను. కోవెల ముందరి బయలు, కళ్ళము, చెరువు గట్టు, రచ్చబండ చుట్టును గల నేల, ఇవియే పిల్లలకు చాలియుండెను. చెడుగుడు, కర్రబిళ్ళ, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ అచటనే సాగెను. ఆ బయలు నేడు నగరములలో వాహనములకు నిలుపుదలయైనది, దుకాణమైనది, అంతస్తుల మేడయైనది. బయలు పోయినను బాల్యము పోలేదు. స్థలము లేని పిల్లవాడు ఆట మానడు. వీధిలో బండ్ల నడుమ ఆడును, లేక గదిలో తెర ముందర కూలబడును. “ఇచట వద్దు” అని చెప్పినవారు ఈ రెండవ ఫలితమునకును తాము ఒప్పుకొనినట్లే అని ఎరుగవలెను.

స్థలము ఊరికి వెలుపల నుండుటలో వేరొక కీడును కలదు. నగర జీవితమును గూర్చి 1961లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథమున జేన్ జేకబ్స్ అను అమెరికా రచయిత్రి, వీధికి నిజమైన రక్షణ కిటికీలలోనుండియు, అంగళ్ళలోనుండియు చూచు సామాన్యుల కన్నులే అని వివరించెను. ఇండ్లకు దూరమైన ఆటస్థలమున బలవంతులైన పెద్ద పిల్లలు నిలుతురు. చిన్నవారును, బాలికలును తొలగిపోవుదురు. తల్లి కేకకు అందునంత దూరమున, తెలిసిన ముఖములు తిరుగు చోటున నున్ననే బాలిక అచటికి పోగలదు. కావున ఇంటికి సమీపమున నుండుట ఆటస్థలమునకు లోపము మాత్రమే కాదు, రక్షణ కూడ. చిక్కు అంతయు ఇచటనే కలదు. ఏ పొరుగువాని శాంతికి ఆ ఆట భంగము కలిగించునో, ఆ పొరుగువాని కన్నే ఆ పిల్లలకు కాపు.

త్యాగము ఎవరిది?

ఈ చిక్కును విడదీయుటకు త్యాగమను మాటను కొంత సూక్ష్మముగా పరిశీలింపవలెను. స్కేటు పార్కును కోరువారు పొరుగువానితో “లోకహితమునకై కొంత సహింపుము, త్యాగము చేయుము” అందురు. ఈ మాట చెప్పువాడు ఆ గోడకు అరమైలు దూరమున నివసించును. పొరుగువాడు పిల్లలతో “మా శాంతికై మీ ఆటను విడువుడు” అనును. ఈ మాట చెప్పువాడు తన బాల్యమంతయు బయలులో ఆడి పెరిగినవాడు. ఇరువురును త్యాగమును ప్రశంసించుచున్నారు. ఇరువురును దానిని ఇతరులచే చేయింపజూచుచున్నారు.

త్యాగమనునది తనది తాను విడుచుట. ఇతరునిది విడిపించుటకు ఆ పేరు చెల్లదు. దానికి లోకమున వేరు పేర్లు కలవు. దానమును గూర్చియు ఇట్లే. అడిగి పుచ్చుకొన్నది దానమగును. అడుగక తీసికొన్నది ఎంత మంచి పనికి వినియోగపడినను అపహరణమే. పొరుగువాని నిశ్శబ్దము అతని సొత్తు. అతని కిటికీనుండి ప్రసరించు కాపు చూపును అతని సొత్తే. ఊరి పిల్లలకు ఈ రెండును కావలెను. అట్లయినచో ఊరు చేయవలసిన మొదటి పని అతనిని అడుగుట. శిలాఫలకము సిద్ధమైన పిమ్మట తెలియజేయుట అడుగుట కాదు. కాంక్రీటు ఎండిన పిమ్మట సభ చేయుట అడుగుట కాదు. అతడు కాదనినచో మారుటకు సిద్ధపడి అడిగినదే అడుగుట.

అడుగుటకు ఒక సరళమైన పద్ధతి కలదు. పార్కును కోరువారిలో ముఖ్యుడు ఒక సాయంకాలము ఆ గోడ ప్రక్క ఇంటి అరుగుపై కూర్చుండవలెను. పది మంది పిల్లలు ఆ బయలులో పలకలతో ఆడుచుండగా, మంచముపై నున్న వృద్ధుని చెవితో వినుటకు అతడు యత్నింపవలెను. అట్లే ఆ ఇంటి యజమాని వేరొక ఊరిలోనో వేరొక వాడలోనో గల స్కేటు పార్కునకు పోయి దాని మెట్లపై ఒక సాయంకాలము గడపవలెను. పడిన పిల్లను మరొక పిల్ల చేయి పట్టి లేపుట చూడవలెను. ఈ రెండు సాయంకాలముల పిమ్మట జరుగు సభ వేరుగా నుండును. వివాదము సమసిపోవునని చెప్పలేము. మాటలాడువారు మాత్రము తాము ఎరిగినదానిని గూర్చి మాటలాడుదురు.

అటుపిమ్మట చేయగలిగినవి చాల కలవు. ఆరుబయట ఒక చోట పుట్టిన ధ్వని, దూరము రెట్టింపైనపుడెల్ల ఇంచుమించు 6 డెసిబెల్సు తగ్గును. కావున స్థలములోనే ఇండ్లకు దూరపు మూలను ఎన్నుకొనుట మొదటి ఉపాయము. బోలుగానుండు కొయ్య వాలులును, రేకు వాలులును మద్దెలవలె మ్రోగును. నేలకు అతుకుకొనియున్న గట్టి కాంక్రీటు అంతగా మ్రోగదు. నేలను త్రవ్వి గుంటగా కట్టి, త్రవ్విన మన్నును ఇండ్ల వైపు గట్టుగా పోసినచో, ఆ గట్టు ధ్వనికి అడ్డము నిలుచును. రాత్రి దీపములను అమర్చకున్నచో, లేక నియమిత వేళకు ఆర్పినచో, ఆటకు దానంతట అదియే హద్దు ఏర్పడును. పిల్లలు శిరస్త్రాణము, మోకాలి తొడుగులు ధరించుట, చెత్తను తామే ఎత్తుట నియమములు కావచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, పొరుగువాడు పిలిచినపుడు వచ్చి వినువాడొకడు ఉండుట. చేసిన వాగ్దానములను వ్రాసియుంచి, సంవత్సరము గడచిన పిమ్మట ఆ పొరుగువారినే కూర్చుండబెట్టి, ఏవి నిలిచినవి, ఏవి తప్పినవి అని అడుగవలెను. ఉద్యానములును, ఆటస్థలములును ఏర్పరచుట పురపాలక సంఘముల విధులలో ఒకటిగా 1992 నాటి రాజ్యాంగపు 74వ సవరణము చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో చెప్పబడియున్నది. ఏర్పరచుటతో ఆ విధి ముగియునని తలచిన సంఘము సగము పని మాత్రమే చేసినది.

ఇందు పిల్లల పాలును కలదు. పెద్దవారు పిల్లల హక్కును గూర్చి మాటలాడుచు, వారికి బాధ్యతను ఇచ్చుట మరతురు. ఫలానా ఇంట జబ్బుపడిన అవ్వ కలదనియు, ఆమె మధ్యాహ్నము రెండు గంటలు నిద్రించుననియు పిల్లలకు తెలిపినచో, వారిలో పెద్దవాడు ఆ వేళకు తక్కినవారిని తానే ఆపును. కావలివాడు ఈలవేసి ఆపుటకును, తోటి పిల్లవాడు అవ్వ పేరు చెప్పి ఆపుటకును భేదము కలదు. మొదటిది ఆజ్ఞ, రెండవది సంస్కారము. జన్వార్‌లో బడికి సంబంధించిన నియమము పలక పట్టిన ప్రతి బిడ్డకును తెలిసినట్లే, పొరుగును గూర్చిన నియమమును తెలియవచ్చును. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో, 1992లో భారతదేశమును అంగీకరించిన ఆ పత్రమున, 31వ అధికరణము బిడ్డకు విశ్రాంతి హక్కును, ఆట హక్కును ఒకే వాక్యమున చేర్చి చెప్పుచున్నది. విశ్రాంతియు ఆటయు శత్రువులు కావు. ఒకే జీవితమునకు కావలసిన రెండు అవసరములు. బిడ్డ విశ్రాంతికి విలువ గలిగినపుడు వృద్ధుని విశ్రాంతికిని విలువ కలదని ఆ బిడ్డకు చెప్పుట కష్టము కాదు.

కాదనుటకును ఒక ఋణము కలదు

ఇంత చేసినను కొన్ని చోట్ల సమాధానము “కాదు” అనియే రావచ్చును. ఉన్న స్థలము పడకగది కిటికీకి పది గజముల దూరమున మాత్రమే యున్నచో ఏ గట్టును, ఏ నియమమును చాలదు. అపుడు పట్టుదలతో కట్టుట అధర్మము. ఊరు తల వంచి వేరొక స్థలమును వెదకవలెను. కాని కాదన్నవారి పని అంతటితో తీరదు. తన శాంతిని కాపాడుకొన్నవాడు ఆ పిల్లలకు ఋణపడియున్నాడు. వారికి వేరొక చోటు దొరకువరకు వెదకువారితో కలసి తిరుగుట, సంఘమునకు విన్నపము వ్రాయుట, కట్టుటకు చేతనైన సాయము చేయుట అతని విధి. ఈ ఋణమును తీర్చువాని “కాదు” న్యాయమైన మాట. తీర్చనివాని “కాదు” తలుపు మూసిన చప్పుడు మాత్రమే. సభలో కాదన్నవారిలో ఎందరు మరునాడు వెదకబోయిరో చూచినచో, వారి ఆక్షేపణలో న్యాయమెంతయో తెలియును.

పోర్ట్‌లాండ్‌లోని ఆ వంతెన కథకు తరువాయి ఒకటి కలదు. పార్కు వెలసిన ఇరువదియైదేండ్లకు, 2016 ప్రాంతమున, దాని ప్రక్కనే ఇరువదికి పైగా అంతస్తులుగల నివాస భవనము లేచెను. ఈసారి ఆట ఇండ్ల దగ్గరకు రాలేదు. ఇండ్లే ఆట దగ్గరకు వచ్చినవి. “మేము ముందు వచ్చితిమి” అని నేడు ఇంటివారు చెప్పు వాదము రేపు పిల్లలకును చెల్లును. ముందు వచ్చుట కొంత మన్ననకు కారణము కావచ్చునే గాని ధర్మమునకు అది పునాది కాదు. భూమిపై అందరును ఎవరికో ఒకరికి తరువాత వచ్చినవారే. ఎవరో జరిగి చోటు ఇచ్చుట వలన నిలిచినవారే.

నేడు కిటికీ మూసికొనువాడు ఒకనాడు ఎవరి అరుగు ముందరనో కేకలు వేసి ఆడినవాడు. ఆనాడు ఆ ఇంటి పెద్ద కసరియుండవచ్చును. కసరియు, దాహమన్న పిల్లలకు మంచినీరు పోసియుండవచ్చును. నేడు పలకపై జారు పిల్లవాడు ఒకనాడు మంచముపై పరుండి, నిద్రకై ఎదురుచూచుచు బయటి చప్పుళ్ళను వినువాడు కాగలడు. ఒకే మానవుని రెండు వయస్సులు గోడకు ఇరుప్రక్కల నిలిచి వాదించుచున్నవి. ఈ సంగతి ఎరిగిన ఊరిలో గోడ ఉండును, ఆటయు ఉండును. సంజె వేళ ఆట ముగించి ఇంటికి పోవు పిల్లలు ఆ గోడ ప్రక్కకు రాగానే పలకలను నేలపై దొర్లింపక చంకన పెట్టుకొని మెల్లగా నడచిపోవుదురు.